నవోమి పెద్దమ్మ పిడికెడు బియ్యం

మా నవోమి పెద్దమ్మ వడ్ల బండి మీదనుంచి పడి కాళ్ళు పోగొట్టుకుంది. విడవలూరు దగ్గర మా పల్లెలో అప్పటినుంచి చాపకే అతుక్కుపోయింది. వంట మాత్రం చేతుల మీద జరుగుతూ వచ్చి తనే చేసేది. ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి దేవుడి కుండలో వేసేది. మా క్రైస్తవుల ఇళ్ళల్లో ఆడవాళ్ళంతా చేసే పనే. ఆ బియ్యం నెలనెలా మా పల్లె గుడికి పోయేవి. అరవై రెండులో కోత పండగ నెల మాత్రం పెద్దమ్మ పంపనివ్వలేదు. నెల్లూరు పెద్ద గుడిలో తన చేత్తోనే అర్పణ బల్ల మీద పెట్టాలని పట్టుబట్టింది.

"కాళ్ళు పోయినాయి గానీ చేతులు పోలేదు గదా" అనేది.

పెదనాన్న జీవానందం ఆమెను ఎత్తుకుని బస్సెక్కించాడు. నెల్లూరులో సైకిళ్ళు అద్దెకిచ్చే గంగాధరం దగ్గర, ఏదో వేలంలో కొన్న చక్రాల కుర్చీ ఉండేది. దాన్ని ఒక పూటకు తీసుకున్నారు. ఎడమ చక్రం మొండి దున్నలాగా పక్కకే లాగేది. ట్రంకు రోడ్డు మీద జనం నిలబడి చూశారు. పెద్దమ్మ లెక్కచెయ్యలేదు. గాజుల అంగళ్ళు, కాఫీ హోటళ్ళు, గోడల మీద సినిమా బొమ్మలు, అన్నీ ఆగి ఆగి చూసింది. ఆరేళ్ళుగా ఇంటి చూరు తప్ప చూడని మనిషి మరి.

"నిదానంగా తొయ్యయ్యా, ఎవరు తరమతా ఉండారు?" అని మొగుణ్ణి కసిరింది.

గుడి వాకిట్లో సంఘపెద్ద క్రీస్తురాజు గారు ఎదురొచ్చి చక్రాలకేసి చూశారు.

"వీధంతా తిరిగిన చక్రాలమ్మా. చెప్పులతో లోపలికి పోతామా మనం? కుర్చీ బయటే ఉండాల."

"నేను ఎత్తుకోని వస్తాలే అయ్యగారూ" అన్నాడు పెదనాన్న.

"ఆడవాళ్ళ వైపు నువ్వెట్టా వస్తావు? అర్పణప్పుడు ఎవరినన్నా పంపిస్తా, ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకోని తెస్తారు" అని ఆయన లోపలికి పోయారు.

ఆయన చెడ్డవాడేం కాదు. అందుకే నాకు మరీ మంట. పెదనాన్న నోట్లో నాలుక లేని మనిషి. అతన్ని పెద్దమ్మే లోపలికి పంపేసింది. చెప్పుల మధ్య, ఒళ్ళో బియ్యం మూట విప్పుకుని సిద్ధంగా కూర్చుంది.

ప్రసంగం అయింది. అర్పణ పాట మొదలైంది. ఎవరూ రాలేదు. ఆలస్యంగా వచ్చిన ఒకామె గబగబా చెప్పులు విడుస్తూ పెద్దమ్మను చూసింది. తన అర్పణ సంచిలోంచి పిడికెడు బియ్యం తీసి పెద్దమ్మ ఒళ్ళోని బియ్యం మీద పోసింది.

"మా కోసం ప్రార్థన చెయ్యమ్మా" అని లోపలికి పోయింది.

ఆ పిడికెడు వేరు చెయ్యాలని పెద్దమ్మ చూసిందట. బియ్యంలో కలిసిన బియ్యం ఎట్లా వేరవుతాయి? పాట అయిపోయింది. పెదనాన్న బయటికొచ్చేసరికి మూట కట్టేసి ఉంది.

"తిప్పు" అంది. తిరుగుదారిలో ఏ అంగడికేసీ చూడలేదు.

"బిచ్చం కలిసిన బియ్యం దేవుడికి ఎట్టా పెడతాం?" అని ఆ బియ్యం ఇంట్లోనే వండేసింది.

ఇంకో పదేళ్ళు బతికింది. చేతులు ఆఖరిదాకా బాగానే ఉన్నాయి. పిడికెడు మాత్రం మళ్ళీ తియ్యలేదు. దేవుడి కుండలో చింతపండు పెట్టుకుంది.