మణి సామితో తిరుత్తణి నడక

రేషన్ షాపులో వేలిముద్రల మెషిన్ నా కుడి బొటనవేలిని ఒప్పుకోవడం మానేసి చాలా ఏళ్ళయింది. నెలనెలా అదే తంతు. మొన్న తిరువళ్ళూరులో, షాపుకు కొత్తగా వచ్చిన అమ్మాయి నా వేలిని మూడుసార్లు గుడ్డతో తుడిచి, మెషిన్ మీద అదిమి, చివరికి విసుగొచ్చి తిప్పి చూసింది. "ఏమైంది ఆంటీ, కత్తితో తెగిందా?" అంది. "కుక్క" అన్నాను. "వీధి కుక్కా?" "కాదు, మా ఇంటిదే." ఆ అమ్మాయి అయ్యో పాపం అన్నట్టు చూసింది. వెనక క్యూ ఉంది, విడమరిచి చెప్పే ఓపిక నాకు లేదు. ఎడమచేతి వేలు పెట్టి, పామాయిల్ సంచిలో వేసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాక మాత్రం మనసొప్పలేదు. పోయినవాడికి క్యూలో నిలబడి చెడ్డపేరు తెచ్చిపెట్టి వచ్చినట్టనిపించింది.

వాడి పేరు మణి. ఎలవూరు చెక్‌పోస్ట్ దగ్గర, లారీల కింద, నాలుగు పెద్ద కుక్కలు చుట్టుముట్టి పీకుతుంటే మా ఆయన విడిపించి ఇంటికి తెచ్చాడు. గాయాలు నెలలో మానాయి, భయం మాత్రం మానలేదు. ఇంకో కుక్క కనబడితే చాలు, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి, తోక కర్రలా బిగుసుకునేది, ఆపైన వాడి ఒళ్ళంతా ఒకే అరుపు. గొలుసు పట్టుకున్నవాళ్ళ భుజం ఊడి రావాల్సిందే. గొడుగన్నా అంతే, డప్పన్నా అంతే, ముక్కూమొహం తెలియనివాళ్ళు చెయ్యి చాచినా అంతే. పశువుల డాక్టరు, "ఇది కోపం కాదమ్మా, భయం" అని చెప్పి పంపించాడు. రోగం పేరు తెలిసింది గాని మందు లేదు. ఏ వీధిలో ఏ కుక్క ఎన్నింటికి బయటికొస్తుందో నాకు కంఠతా వచ్చింది. చెన్నై నుంచి సాయంత్రం ఎలక్ట్రిక్ ట్రైన్ దిగే జనం వీధుల్లోకి రాకముందే వాడిని తిప్పుకుని వచ్చేయాలి. నేనూ మా ఆయనా కలిసి ఒక పెళ్ళికి వెళ్ళి ఎన్నాళ్ళయిందో గుర్తు లేదు. ఒకరు వెళితే ఒకరు మణికి కాపలా. ఒకసారి పక్కింటివాళ్ళకు అప్పజెప్పి వెళితే రెండు రోజులు ముద్ద ముట్టకుండా, తలుపును గోళ్ళతో రక్కి రక్కి కాళ్ళు రక్తం చేసుకున్నాడు. ఇంకెప్పుడూ అడగొద్దని వాళ్ళు చేతులు జోడించారు.

మా అత్తగారి వైపు వాళ్ళు నేత పని చేసేవాళ్ళు. మగ్గాలు పోయి ఉద్యోగాలు వచ్చినా ఆడి కృత్తిక నడక మాత్రం పోలేదు. ఆ పండక్కి తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి మురుగన్ కొండకు కావడి ఎత్తుకుని రెండు రోజులు నడుస్తారు. ఎండ ముదిరాక తోపుల్లో తార్పాలిన్ పరిచి మకాం, చల్లబడ్డాక మళ్ళీ నడక. పెద్దదిక్కు మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు. ఆ ఏడు మా ఆయన మోకాలి ఆపరేషన్ గండం గడిచినందుకు ఇద్దరం కలిసి నడుస్తామని మొక్కుకున్నాం. మొక్కుకునేటప్పుడు మణి సంగతి ఇద్దరికీ తట్టలేదు. వాడిని కూడా తీసుకొస్తామని అడిగితే బావగారు ముందు మణిని, తరవాత మా ఆయన మోకాలిని చూశాడు.

"తీసుకురాండి. కాని ఒక మాట మ్మా," అన్నాడు చివరికి. "దావలో ఎవురి మీదన్నా పల్లు పడిందంటే కనకమ్మసత్రం తోపులో ఇడిసిపెట్టాల్సిందే. ఆ తోపాయన కావిలికి కుక్క కావాలని అడగతానే ఉండాడు. మళ్ళా నా దగ్గిర ఏడవగూడదు."

ఆ తోపు నాకు తెలుసు. మోటారు షెడ్డుకు గొలుసేసి కట్టేస్తారు, వచ్చేపోయే కూలీలు, చుట్టూ ఊరకుక్కలు. మణి అక్కడ ఒక నెల బతికేవాడు కాడు. సరే అన్నాను. అనక ఏం చేస్తాను?

బయల్దేరే రోజు ఒక తెలివైన పని చేశాననుకున్నాను. కుక్క వెంట వస్తోందని ఎవరూ కసురుకోకుండా, రాయి విసరకుండా, పసుపునీళ్ళలో ముంచిన గుడ్డ వాడి మెడకు కట్టి, నుదుట విభూతి రాశాను. దాంతో వాడూ గుంపులో ఒక సామి అయిపోయాడు. మాల వేసుకుని నడకలో ఉన్నన్ని రోజులు ఒకరినొకరు సామీ అనే పిలుచుకోవాలి, పరుషంగా మాట్లాడకూడదు. మామూలు రోజుల్లో బావగారు నోరు విప్పితే వీధి చివరి దాకా వినిపించేది. ఆ రోజు మాత్రం భుజాన కావడితో, పళ్ళు బిగబట్టి, "మణి సామీ, కొంచిం నోరు మూసుకోండి సామీ" అని బతిమాలుతుంటే గుంపంతా మొహాలు పక్కకు తిప్పుకుని నవ్వుకున్నారు.

నవ్వు మొదటి మైలు వరకే. ఒక ఊరి కుక్కలు పొలిమేర దాకా తరిమి, మమ్మల్ని తరవాతి ఊరి కుక్కలకు అప్పజెప్పి వెళ్ళేవి. నేను గుంపుకు వెనకగా, రోడ్డు దిగి ముళ్ళలో నడిచేదాన్ని. మకాం వేసినప్పుడు అందరికీ దూరంగా రెండు చెట్ల మధ్య నా పాత చీర తెరలా కట్టి, దాని వెనక వాడిని కూర్చోబెట్టి, నేను పక్కన కూర్చునేదాన్ని. వాడు నిద్రపోడు, నన్ను పోనివ్వడు. చింతపండన్నం చల్లారి గట్టిపడ్డాక నా వంతు వచ్చేది. కాళ్ళు బొబ్బలెక్కాయి. భుజం పైకి లేవడం మానేసింది. వీడిని ఎందుకు తెచ్చుకున్నాంరా దేవుడా అని ఒకటి రెండుసార్లు కాదు, చాలాసార్లు అనుకున్నాను. ఇప్పుడు దాచుకోవడం దేనికి?

రెండో రోజు పొద్దున, కనకమ్మసత్రం ఇంకా కొంచెం దూరం ఉందనగా, రోడ్డు పక్క పందిట్లో మజ్జిగ పోస్తున్నారు. వద్దనుకుంటూనే నాలుక పిడచకట్టి ఆగాను. ఒక ముసలావిడ గ్లాసు అందించబోయి, మణి మెడలో పసుపుగుడ్డ, నుదుట విభూతి చూసింది. "నాయి కూడ నడందు వరుదే, మురుగా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కుక్క కూడా కాలినడకన వస్తోందే అని ఆవిడ పరవశం. ఎవరూ దగ్గరికి రాకూడదని కాదు గదా నేను కట్టింది, ఎవరూ కొట్టకూడదని. ఆ దారిలో పసుపుగుడ్డ కట్టినవాళ్ళకు దణ్ణం పెట్టకుండా ఎవరు పోతారు? ఆ మాత్రం నాకు తోచి ఉండాల్సింది. ఆవిడ వంగి వాడి తల మీద చెయ్యి పెట్టబోయింది. అప్పుడే వెనక ఎవరో పంబ డోలు వాయించారు. మణి ఒళ్ళు బిగుసుకోవడం గొలుసులో తెలిసింది. ఆవిడ చేతికి, వాడి నోటికి మధ్య నా చెయ్యి పెట్టేశాను.

ఒక్క క్షణమే. పట్టింది నన్నని తెలియగానే వదిలేసి, నేలకు కరుచుకుపోయి, ఉన్నచోటే తడిపేసుకున్నాడు. వాడి మెడలోని గుడ్డ విప్పి వేలికి చుట్టుకున్నాను. గుంపులోవాళ్ళు అడిగితే మజ్జిగ డ్రమ్ము రేకు గీసుకుందని చెప్పాను. మా ఆయన చేతిని చూశాడు, మణిని చూశాడు, గొలుసు తీసుకుని తన నడుముకు కట్టుకున్నాడు.

మధ్యాహ్నం మకాం ఆ తోపులోనే. తెర కట్టి, మణిని కాస్త చూస్తుండమని బావగారికే చెప్పి, "అరటిపండ్లు తీసుకొస్తామన్నా" అని మా ఆయన నన్ను ఊళ్ళో ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాడు. నర్సమ్మ సబ్బుతో చాలాసేపు కడిగి, సూది వేసి, "కుక్క ఇప్పుడు యాడ ఉంది?" అని అడిగింది. "తిరుత్తణికి నడిచి పోతా ఉంది" అన్నాడు మా ఆయన. ఆవిడ రాయడం ఆపి తలెత్తి చూసింది.

తిరిగొచ్చేసరికి తెరకు ఆనుకుని బావగారు, ఎదురుగా తోపాయన నిలబడి ఉన్నారు. "ఈడు నీకు పనికిరాడులే మామా, ఒట్టి పిరికోడు," అంటున్నాడు బావగారు. తోపాయన పెదవి విరిచి వెళ్ళిపోయాడు. బావగారు మా వైపు చూడకుండా కావడి దగ్గరికి నడిచాడు.

మూడో రోజు పొద్దున అందరూ కొండెక్కారు. కుక్కను పైకి తీసుకెళ్ళే వీలు లేదు కాబట్టి అంత దూరం నడిచిన నేను దర్శనం లేకుండా కింద, ఒక గోడ నీడలో, మణిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కొక్కరే దిగి వచ్చారు. బావగారు మాత్రం రాలేదు. ఎండ ముదిరాక, గుండు మీద చెమట కారుతుండగా, రెయిలింగ్ పట్టుకుని మెట్టుమెట్టుకూ ఆగుతూ దిగాడు. వచ్చి నా నుదుట విభూతి పెట్టాడు.

"ఇంత ఆలిస్యమైందేం బావా?" అన్నాను.

"రెండు తూర్లు ఎక్కినాను మ్మా. ఒగటి మొక్కుకి. ఇంగొగటి, నిన్న మాలలో ఉండి తోపాయనకి అబద్దం చెప్పినాను గదా, దానికి. ఎవురినన్నా కరిచిందా అని అడిగినాడు. లేదన్నాను."

వేలి కట్టు కొంగు కిందికి లాక్కున్నాను.

"అరటిపండ్లకని పొయ్యి ఉత్త చేతుల్తో వస్తిరే, నాకు తెలీదా?" అన్నాడు. తరవాత కొంచెం దూరంగా కూర్చుని, మోకాళ్ళు ఒత్తుకుంటూ, మణి వైపు చూడకుండా చెయ్యి నేల మీద చాపి ఉంచాడు. మణి చాలాసేపు ఆలోచించి, ఆ చేతిని ఒకసారి వాసన చూశాడు. నేను ఏడ్చేశాను. ఏడవగూడదన్న మాట గుర్తుంది, అయినా ఏడ్చాను.

బావగారు మళ్ళీ రెండేళ్ళే నడిచాడు. మణి ఇంకో ఆరేళ్ళు మా భుజాలు ఊడలాగి, ముసలివాడై, ఒక మధ్యాహ్నం నా కాళ్ళ దగ్గరే పోయాడు. ఇప్పుడు పెళ్ళిళ్ళకు ఇద్దరం కలిసే వెళుతున్నాం. తిరుత్తణికి బస్సులో పోతే కిటికీలోంచి ఆ తోపు ఏదో పోల్చుకునేలోపే దాటిపోతుంది. ఆ నడకలో అడుగడుక్కీ, ఈ రెండు రోజులు ఎప్పుడు అయిపోతాయా అనుకున్నాను. అయిపోయాయి.