తలకు పోసుకోకూడని రోజులు

నాది పుట్టుకతోనే జిడ్డు తల. పొద్దున తలకు పోసుకుంటే సాయంత్రానికే పాపిడి పక్కన వెంట్రుకలు అతుక్కుపోతాయి. రెండో రోజుకు నుదురు మెరుస్తుంది. మూడో రోజుకు ఎదుటివాళ్ళ చూపు నా కళ్ళ మీద నిలవదు, పైకి పోతుంది. చిన్నప్పుడు బడిలో నా వెనక కూర్చునే పిల్ల, తన జడకు వేరే నూనె అక్కర్లేదని, నా తల తాకితే చాలని అనేది. నాకు నవ్వు వచ్చేది కాదు. అలాగని కాదనడానికీ లేదు.

హసన్‌పర్తిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. చర్మం పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద వెంట్రుక కుదురు గీసి, దాని పక్కన నూనె గ్రంథి గీస్తాను. అప్పుడు చెయ్యి తల వైపు పోబోతుంది, ఆపుకుంటాను. చుండ్రు, నుదుటి మీద పొక్కులు వస్తుంటే చర్మం డాక్టరుకు కూడా చూపించుకున్నాను. నూనె పూర్తిగా మానెయ్యమన్నాడు. రోజు విడిచి రోజు తలకు పోసుకో, గోళ్ళతో గీకకుండా వేళ్ళ కొసలతో రుద్దుకో, మరీ వేడినీళ్ళు వద్దు, దిండు గలీబు తరచు మార్చు అన్నాడు. అన్నీ చెయ్యగలిగినవే, ఒక్కటి తప్ప. రోజు విడిచి రోజు తలకు పోసుకోవడం అప్పట్లో నా చేతుల్లో లేదు. రైల్వే చేతుల్లో ఉండేది.

మా ఆయన కాజీపేటలో గూడ్సు బండి నడిపేవాడు. కాగితాల్లో లోకో పైలట్, ఇంట్లో డ్రైవరే. డ్యూటీకి ఎప్పుడు పిలుస్తారో తెలియదు. పిలుపు వస్తే టిఫిన్ డబ్బా సర్దుకుని బయల్దేరేవాడు. బల్లార్షా వైపు పోతే అక్కడ డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూములో పడుకుని, ఏ బండి ఇస్తే ఆ బండితో తిరిగి వచ్చేవాడు. ఇంట్లో మనిషి ఊరికి పోయాక, అతను క్షేమంగా చేరేదాకా ఆడవాళ్ళు తలకు పోసుకోకూడదు. ఇది మా అత్తమ్మ పట్టింపు. ఆమె ఒక్కదానిదే కాదు, మా వైపు చాలా ఇళ్ళలో ఉన్నదే. శవం లేచాక ఇంట్లో వాళ్ళు తలకు పోసుకుంటారు, బతికున్న మనిషి గడప దాటగానే అదే పని చేస్తే ఎట్లా అని. మిగతా ఇళ్ళలో ఎవరో ఎప్పుడో ఊరికి పోతారు, ఆ పూటకు ఆగుతారు, అంతటితో అయిపోతుంది. మా ఇంట్లో ఊరికి పోవడమే ఉద్యోగం.

మాది క్రైస్తవ ఇల్లు. అత్తమ్మ ముహూర్తాలు చూడదు, దిష్టి తీయదు, పిల్లి ఎదురొస్తే ఆగేది పోయి పిల్లినే కసురుతుంది. ఈ ఒక్క పట్టింపు మాత్రం వదల్లేదు. ఒకసారి పాస్టర్ గారు ఇంటికి వచ్చి, దేవుణ్ణి నమ్ముకున్నాక ఇవన్నీ ఎందుకమ్మా అని మెల్లిగా అన్నారు. ఆమె ఆయన కప్పులో ఇంకొంచెం చాయ్ పోసింది.

"దేవుణ్ణి నమ్ముత అయ్యగారు. బండినే నమ్మ" అంది.

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ పట్టింపులో కూడా ఆమె తీర్పులు ఉండేవి. తిరుగు ప్రయాణానికి అడ్డం లేదు, ఇంటికి వస్తున్న మనిషికి భయమేముంది అనేది. పోయేటప్పుడే కష్టం. గూడ్సు బండిని ఏ స్టేషను అవతల ఎంతసేపు నిలబెడతారో నడిపేవాడికే తెలియదు. బండి నడిపేటప్పుడు ఫోన్ కట్టేసి పెట్టాలి కాబట్టి మధ్యలో కబురు ఉండదు. అక్కడికి చేరిన కబురు ఏ అర్ధరాత్రో, నేను కాలేజీలో ఉండగానో వచ్చేది; ఆయన ఇంటికొచ్చి, నేను కుంకుడుకాయలు కొట్టుకునేలోపే మళ్ళీ పిలుపు వచ్చేది. బండ మీద కాయలు అలాగే ఉండిపోయేవి.

ఎక్కువ బాధ శనివారాలు. ఆదివారం చర్చికి పోవాలని శనివారం సాయంత్రం మా రైల్వే క్వార్టర్ల వరసలో క్రైస్తవ ఆడవాళ్ళందరూ తలకు పోసుకునేవాళ్ళు. మర్నాడు చర్చిలో ఎటు చూసినా ఆరి పొంగిన జుట్లే. నేను ముడి బిగించి, పాపిడిలో పౌడరు చల్లుకుని, కొంగు నిండా కప్పుకుని కూర్చునేదాన్ని. పౌడరు జిడ్డును పీలుస్తుందని ఎక్కడో చదివాను. పీలుస్తుంది, నిజమే. ఒక ఆదివారం ప్రార్థనకు తల వంచితే పాటల పుస్తకం మీద తెల్లగా రాలింది. పక్కన కూర్చున్నామె ఉఫ్ అని ఊది పేజీ తిప్పింది. ఆ రోజు ఇంటికొచ్చి అత్తమ్మ మీద అరిచాను. నూనె గ్రంథికి రైలు కూత వినబడదు, అది దాని పని అది చేసుకుంటూ పోతుంది అని పాఠం చెప్పాను. ఆమె అంతా విని, "వాడు చేరనియ్యి బిడ్డా" అంది. అంతే.

ఆయన చేరగానే ఫోన్ చేసేవాడు. "చేరిన. ఇగ పోసుకో" అనేవాడు. తిన్నావా, ఏం చేస్తున్నావు అని అడగడం ఆయనకు రాదు. ప్రేమగా మాట్లాడమంటే మెడ మీద కత్తి పెట్టినట్టు చూసేవాడు. కానీ ఎంత అలసిపోయినా ఆ ఫోన్ మాత్రం మరిచిపోలేదు. నా జిడ్డు తల ఒకటి ఇంట్లో తన కోసం ఆగి ఉందని ఆయనకు గుర్తుండేది. నాకు అది చాలు అనిపించేది. ఇప్పుడు ఆలోచిస్తే చాలానే అనిపిస్తుంది.

ఫోన్ రాగానే అత్తమ్మ లేచేది. బోరు నీళ్ళకు నురుగు రాదని నల్లా నీళ్ళు విడిగా పట్టి ఉంచేది. కుంకుడు రసం కళ్ళలో పడితే మంట, అందుకని కళ్ళు మూసుకోవాలి. కళ్ళు మూసుకుంటే చెంబు దొరకదు. పోయడానికి ఇంకో మనిషి ఉండాల్సిన పని అది. అత్తమ్మ చేతికి తొందరెక్కువ, నీళ్ళు నా చెవుల్లోకి పోయేవి. నేను విసుక్కునేదాన్ని. ఆమె పట్టించుకోకుండా, వాడు అన్నం తిన్నడట్నా, బండి ఏడ ఆపిండ్రట అని అడుగుతూ పోసేది.

ఆయన పోయింది బండి మీద కాదు. పోయిన ఏడాది, అన్నం తిని లేస్తూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. అత్తమ్మా నేనూ చెరో పక్కన కూర్చుని ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. దక్కలేదు. ఆ వారమంతా ఆయనకు వరుస డ్యూటీలు పడ్డాయి కాబట్టి నేను తలకు పోసుకోలేదు. దవాఖాన బెంచీ మీద కూర్చున్నప్పుడు నూనె నుదుటి మీదకు దిగుతుంటే కొంగుతో తుడుచుకున్నాను. అన్నేళ్ళు ఆగిన తల అది. దేనికి ఆగినట్టు అనిపించింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు.

సమాధుల తోట నుంచి వచ్చాక అత్తమ్మే నాకు తలకు పోసింది. ఏ ఫోనూ రాకుండా నేను తలకు పోసుకోవడం అదే మొదలు. ఆ రోజు ఆమె చెయ్యి నెమ్మదిగా ఉంది. ఒక్క చుక్క కూడా చెవిలోకి పోలేదు. అంతవరకు రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది.

తర్వాత క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చింది. మా ఆడబిడ్డ కాపురం బల్లార్షాలోనే. ఆమె తల్లిని తన దగ్గరికి తీసుకుపోయింది. మాకు పిల్లలు లేరు. కాలేజీకి దగ్గరని నేను హసన్‌పర్తిలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. అప్పటి నుంచి డాక్టరు చెప్పినట్టే రోజు విడిచి రోజు తలకు పోసుకుంటున్నాను. ఒక్కదాన్నే కాబట్టి కుంకుడుకాయ మానేసి షాంపూకు మారాను. చుండ్రు పోయింది. నుదుటి మీద పొక్కులు తగ్గాయి. డాక్టరు చూసి, వెరీ గుడ్ అన్నాడు. ఇంట్లోంచి ఊరికి పోయేవాళ్ళు లేనప్పుడు తల శుభ్రంగా ఉండటం పెద్ద కష్టమేమీ కాదని ఆయనకు చెప్పలేదు.

బల్లార్షా లైను మా వీధికి దగ్గరే. గూడ్సు కూత వినబడితే, బక్కెట్టు నింపుతున్న చెయ్యి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. ఆగాల్సిన పని లేదని గుర్తొస్తుంది. ఒంటరితనం అంటే రాత్రిళ్ళు భయం వేయడం అనుకునేదాన్ని. అది కాదు. మన ఇష్టం వచ్చినప్పుడు తలకు పోసుకోగలగడం.

అత్తమ్మకు చిన్న ఫోన్ ఒకటి ఉంది. వచ్చిన ఫోన్ ఎత్తడం వరకే వచ్చు. చేయడం రాదు, పెట్టేయడం కూడా రాదు, అవతలివాళ్ళే పెట్టేయాలి. మొదట్లో నేనే చేసేదాన్ని. ఆరోగ్యం, వాతావరణం అయ్యాక ఇద్దరికీ మాటలు దొరికేవి కాదు. మేం మాట్లాడుకున్నదంతా ఆయన గురించే అని అప్పుడు తెలిసింది. మెల్లిగా ఫోన్లు తగ్గాయి. కొడుకు లేకపోయాక ఆమె నాకు ఏమవుతుంది, నేను ఆమెకు ఏమవుతాను? ఈ ప్రశ్న నన్ను తినేసేది. అడుగుదామంటే జవాబు ఏం వస్తుందో అని భయం.

ఈ ఏడు ఆయన జ్ఞాపకార్థ ప్రార్థనకు అత్తమ్మ వచ్చింది. ప్రార్థన అయ్యాక కొన్నాళ్ళు నా దగ్గరే ఉంది. ఒక పొద్దున నేను జడ వేసుకుంటుంటే దగ్గరికి వచ్చి వెంట్రుకలు పట్టుకుని చూసింది.

"నీ తల గింత మంచిగ ఎన్నడు లేకుండె బిడ్డా."

"ఊరికి పోయేటోళ్ళు ఎవ్వలు లేరు గద అత్తమ్మా" అన్నాను.

ఆమె చెయ్యి తీసేసింది.

వెళ్ళిపోయే ముందు రోజు సాయంత్రం, సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి నన్ను కింద కూర్చోమంది. నా తలకు నూనె పెట్టడమంటే వానలో చెట్టుకు నీళ్ళు పోయడమే. డాక్టరు వద్దన్నాడని చెప్పొచ్చు. చెప్పలేదు, కూర్చున్నాను. ఏడాదిగా నా తల మీద ఇంకొకరి చెయ్యి పడలేదు. ఆమె సీసా సగం ఖాళీ చేసింది. చెవుల వెనక నుంచి కారుతుంటే తన కొంగుతోనే తుడిచింది. నేను కళ్ళు మూసుకుని, అయిపోయిందని ఎప్పుడు అంటుందో అని భయపడుతూ కూర్చున్నాను.

మర్నాడు శనివారం. పొద్దున్నే కాజీపేటకు తీసుకుపోయి బండి ఎక్కించాను. కిటికీ దగ్గర సీటు దొరికింది. కూర్చున్నాక ఆమె నా తల వైపు చూసింది.

"ఇంటికి పోంగనే తలకు పోసుకో బిడ్డా. రేపు చర్చికి పోవాలె గద. నేను పోతే ఏమున్నది, నాకెందుకు పట్టింపులు."

మంచికే అన్నది. నాకు మాత్రం గుచ్చుకుంది. అన్నేళ్ళు పాస్టరు మాట కూడా వినని మనిషి, నా కోసం ఆగే అవసరం నీకు లేదు అని చెప్పినట్టు అనిపించింది. నేను భయపడుతూ వచ్చిన జవాబు ఇదేనేమో అనుకున్నాను.

"పోసుకోను. నువ్వు చేరినంకనే పోసుకుంట. చేరి ఫోన్ చెయ్ అత్తమ్మా."

"నాకు ఫోన్ చేసుడు రాదు గద" అంది. బండి కదిలింది.

నేరుగా కాలేజీకి పోయాను. తల నూనె కుండలో ముంచి తీసినట్టుంది. స్టాఫ్ రూములో ఇంగ్లీషు మేడం చూసి, ఏంటి మేడం, ఇవాళ తలకు పోసుకోలేదా అని అడిగింది. మా అత్తమ్మ ఊరికి పోయింది అన్నాను. ఆమెకు ఇంకో మాట చెప్పాల్సిన పని లేకపోయింది. అయితే చేరాక పోసుకోండి అని తన పేపర్లు దిద్దుకోవడంలో పడింది. ఏడాది తర్వాత, నా ఇంట్లోంచి కూడా ఒక మనిషి ఊరికి పోయింది.

వచ్చేటప్పుడు కిరాణా కొట్లో కుంకుడుకాయలు కొన్నాను. కొట్టి, వేడినీళ్ళలో నానబెట్టాను. మధ్యాహ్నానికల్లా బండి చేరాలి. చేరే ఉంటుంది. ఫోన్ రాలేదు. నేనే చేసి కనుక్కోవచ్చు, ఫోన్ చేతిలోనే ఉంది. కానీ చేరిన మనిషే చేయాలి, మా ఇంట్లో ఎప్పుడూ అంతే. ఎండ గోడ మీద నుంచి దిగిపోయింది. కుంకుళ్ళు నాని మెత్తబడ్డాయి. ఆమె అన్నమాటే నిజమేమో, పోసుకుని పడుకుందాం అనుకుంటూ లేచాను.

అప్పుడు మోగింది. ఆడబిడ్డ నంబరు కాదు. అత్తమ్మ నంబరు. అవతల ముందు మా ఆడబిడ్డ గొంతు వినబడింది, పచ్చది నొక్కినవ్ గదా, ఇగ మాట్లాడు అని. తర్వాత కొంచెంసేపు ఊపిరి.

"చేరిన బిడ్డా" అంది అత్తమ్మ. "బండి లేటయ్యింది. నువ్వు ఆగినవా?"

"ఆగిన అత్తమ్మా."

"ఇగ పోసుకో." మళ్ళీ తనే అంది. "కుంకుళ్ళయితె కండ్లు మూసుకో. ఒక్కదానివే ఉన్నవ్."

సరే అన్నాను. ఆమెకు ఫోన్ పెట్టేయడం రాదు. అవతల గిన్నెల చప్పుడు, ఆమె ఎవరినో కసరడం వినబడుతూనే ఉంది. నేనూ పెట్టేయలేదు. ఫోన్‌ను స్నానాల గది కిటికీలో పెట్టి, కళ్ళు మూసుకుని, చెంబు కోసం తడుముకున్నాను.