పిట్ట పంజరానికి కుట్టిన నల్ల పరదా

దిల్‌సుఖ్‌నగర్‌లో మా పరదాల దుకాణానికి వచ్చేవాళ్లలో సగం మంది అడిగేది ఒకటే, పడగ్గదిలోకి వెలుతురు రాకుండా ఏదైనా ఉందా అని. మెయిన్ రోడ్డు మీద హోర్డింగుల లైట్లు, ఎదురుగా హాస్టళ్ల ట్యూబులైట్లు, పక్కింటివాళ్ల గేటు బల్బు. నేను నల్ల లైనింగు వేసిన గుడ్డ తీసి లైటుకు అడ్డంగా పట్టి చూపిస్తాను. చుక్క వెలుతురు కూడా రాదు. "పట్టపగలు గూడ మీకు అర్ధరాత్రే" అంటాను. వాళ్లు నవ్వి కిటికీ కొలతలు చెప్తారు. ఎంత చిక్కటి చీకటైతే అంత మంచి నిద్ర అని అందరికీ చెప్పి చెప్పి నేనూ నమ్మేశాను. పిట్టకు పడక కుట్టినప్పుడు నేను చేసిన తప్పుల్లో అది అన్నిటికంటే చిన్నది.

పిట్ట దానంతటదే వచ్చింది. ఎండాకాలంలో ఒక సాయంత్రం గాలిదుమారం లేస్తే బట్టలు తీయడానికి మిద్దె మీదికి వెళ్లాను. దండెం మీద నా లుంగీ పక్కన కూర్చుని ఉంది. బూడిదరంగు ఒళ్లు, పసుపు తల, బుగ్గల మీద నారింజ బొట్లు, నెత్తిన నిక్కబొడుచుకున్న కుచ్చు. కాకటీల్ అంటారని తర్వాత తెలిసింది. చేయి చాపితే ఎగిరిపోతుందనుకున్నాను. వేలెక్కి కూర్చుంది. ఒక ప్రాణి తనంతట తాను నా దగ్గరికి రావడం నాకు అదే మొదలు. అది అలసిపోయి ఎక్కిందనీ, వేలు కనిపిస్తే ఎక్కాలని దానికి ఎవరో ఓపిగ్గా నేర్పి ఉంటారనీ నాకు తట్టలేదు. నన్ను ఎంచుకుందనే అనుకున్నాను.

"ఎవలో పెంచుకున్న పిట్ట ఇది. జర అడుగుదాం" అంది నా భార్య.

"ఎవల్దైతే వాళ్లే ఎతుక్కుంట ఒస్తరు" అన్నాను. మర్నాడే పంజరం కొనుక్కొచ్చాను.

కొన్నాళ్లకే అది కుక్కర్ విజిల్ నేర్చుకుంది. అచ్చం అదే కూత. లెక్క తప్పి నా భార్య పప్పు ఉడక్కముందే దించేసేది. "కుక్కర్ మాట వినాల్నా, నీ మాట వినాల్నా?" అని దాన్ని తిడుతూనే పంజరంలోకి కొత్తిమీర కాడ అందించేది. పొద్దున ఆమె పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్ పనికి వెళ్లేదాకా ఇద్దరూ వంటింట్లో కొట్లాడుకునేవాళ్లు. సాయంత్రం మాత్రం అది నాది. దుకాణం నుంచి వచ్చి తలుపు తీయగానే నా భుజమెక్కి చెవి తమ్మె కొరికేది.

అలాంటి రోజుల్లోనే ఎల్‌బీ నగర్‌లో ఉండే మా మరదలు, అంటే నా భార్య చెల్లెలు, వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. వాళ్ల కాలనీ గ్రూపులో తిరుగుతోందట. కాకటీల్ తప్పిపోయింది, ఎడమకాలికి ఒక గోరు ఉండదు, దొరికినవాళ్లు దయచేసి ఫోన్ చేయండి అని కింద రాసి ఉంది. నా భార్య ఫోను పట్టుకుని పంజరం దగ్గరికి వెళ్లింది.

"సూడు, దీనికి గూడ గోరు లేదు."

"ఏ పిట్టకైనా గోరు ఇరగదా? గిట్లాంటియి ఊరంత ఉంటయి."

"నంబర్ ఇచ్చిండ్రు గదా. ఒక్క ఫోన్ చేస్తే ఏంబోతది?"

"నేనే చేస్తలే" అన్నాను.

చేయలేదు. నంబరు నా ఫోనులో వేసుకున్నాను కూడా. దుకాణంలో కూర్చుని దాన్ని చూసేవాణ్ణి, ఎవరైనా గిరాకీ వస్తే హమ్మయ్య అనుకుని పక్కన పెట్టేవాణ్ణి. ఆ ఫోను చేస్తే పిట్ట పోతుందని నాకు రూఢిగా తెలుసు. రెండు మూడు రోజులకు నా భార్య మళ్లీ అడిగితే, "చేసిన. వాళ్లది కాదట" అన్నాను. ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి గిన్నెలు తోముకోవడానికి పోయింది.

పడక కుట్టింది ఆ తర్వాతే. మాది ముందుగది, వంటిల్లు, ఒక పడగ్గది. టీవీ, వీధి లైటు, కింద టిఫిన్ బండి సందడి మధ్య పిట్టకు నిద్ర పట్టడం లేదన్నాను. అది అబద్ధం కాదు, పొద్దుగూకాక రెక్కలు ముడుచుకుని కూర్చుని ఉలిక్కిపడుతూ ఉండేది. పంజరానికి నాలుగు పక్కలా, పైనా కొలతలు తీసుకున్నాను. లోపలివైపు మెత్తటి గుడ్డ, బయట నల్ల లైనింగు. ముందు భాగం చుట్టి పైకి కట్టేలా పెట్టి, కిందికి దించితే రెండు అంచులూ వెల్క్రోతో అతుక్కునేలా చేశాను. లోపల పైమూలన అదే గుడ్డతో చిన్న గుడారం, దాంట్లో నిలబడటానికి ఒక వేపపుల్ల. కాలిగోళ్లకు దారం తగులుకోకుండా ప్రతి అంచూ మడిచి రెండోసారి కుట్టాను. గిరాకీలకు కూడా అంత శ్రద్ధగా ఏనాడూ కుట్టలేదు.

పనిలో పనిగా పంజరాన్ని ముందుగది నుంచి పడగ్గది మూలకు జరిపాను. ఇంటి ఓనరు వచ్చినా, గ్యాస్ బండ తెచ్చినతను వచ్చినా, మా మరదలు వచ్చినా పరదా దించేవాణ్ణి.

"మనుషులు రాంగనే పరదా ఎందుకు దించుతవ్?" అని అడిగింది నా భార్య.

"కొత్తోళ్లను సూస్తే బెదురుతది."

"మా చెల్లె కొత్తదా?"

నేను పరదా అంచులు వెల్క్రోకు నొక్కుతూ ఉండిపోయాను. ఆమె రెట్టించలేదు.

ఆ పడకలో పిట్ట నిద్రపోతోందనే నేను అనుకున్నాను. కొన్ని రాత్రులు లోపల రెక్కలు టపటపా కొట్టుకున్న చప్పుడు వినిపించేది. బల్లి దూరిందేమో అనుకున్నాను. తర్వాత, అతుకుల దగ్గర ఎక్కడో వెలుతురు పడుతోందని తేల్చుకుని, పరదాను దుకాణానికి తీసుకెళ్లి ఇంకో వరస లైనింగు వేసుకొచ్చాను. ఒక పొద్దున పరదా ఎత్తితే లోపలి గుడ్డ మీద నెత్తురు. రెక్క దగ్గర పెద్ద ఈకలు రెండు విరిగి వేలాడుతున్నాయి. పిట్ట పంజరం అడుగున, మూలకు ఒదిగి ఉంది. నేను వేలు పెడితే ఎక్కలేదు.

"దవాఖానకు తీస్కపోదాం" అంది నా భార్య.

పక్షుల డాక్టరు అంటే అదెక్కడిదని అడుగుతాడు, ఆ సంగతి నలుగురికీ తెలుస్తుంది. నా బుర్రలోకి ముందు వచ్చింది అదే. పసుపు అద్ది, "సాయంత్రం సూద్దాం, ఇయ్యాల గృహప్రవేశం ఆర్డర్ ఉంది" అని చెప్పి వెళ్లిపోయాను.

మధ్యాహ్నం మనసొప్పక భోజనానికి ఇంటికి వచ్చాను. గుమ్మం ముందు నాకు తెలియని చెప్పులు. లోపల ఎవరో పెద్దావిడ, నేత చీర, చేతిలో ముట్టని టీ కప్పు. పక్కన ఖాళీ పంజరం ఒకటి. విషయం అర్థమైంది. నా ఇంట్లో, నాకు తెలియకుండా, పనికి కూడా పోకుండా ఆగి, నేను లేని వేళ చూసి నా భార్య ఈ పని చేసింది! ఎవరైనా ఇల్లు దోచుకుపోతే కూడా అంత మంట పుట్టేది కాదేమో. వంటింట్లోకి వెళ్లి గొంతు తగ్గించి అడిగాను.

"నన్నడగకుంట ఎట్ల పిలిచినవ్?"

ఆమె ఇంకో కప్పులో టీ వడబోస్తూ అంతకంటే మెల్లగా అంది. "నువ్వు ఫోన్ చేసిన్నని చెప్పినవ్ గదా. ఆమెకు ఏ ఫోనూ రాలేదట."

ఆ కప్పు నా చేతిలో పెట్టి బయటికి నడిచింది. నాకు కోపం తగ్గలేదు. నా అబద్ధం బయటపడిందన్న సిగ్గు కంటే, నన్ను పట్టించిందన్న కోపమే అప్పుడు ఎక్కువగా ఉంది. ఇప్పుడు ఇది రాస్తుంటే చేయి వెనక్కి లాగుతోంది, కానీ ఉన్నది అదే.

పెద్దావిడది కోస్తా మాట. పడగ్గదిలోకి వచ్చి నా పరదాను చేత్తో తడిమింది. "ఎంత చక్కగా కుట్టారు బాబూ! కానీ దీనికి కటిక చీకటంటే భయమండి. ఏదన్నా చప్పుడైందంటే, ఎటెగరాలో కనపడక ఊచలకేసి కొట్టేసుకుంటుంది. రాత్రిళ్లు నేను పూజగదిలో చిన్న బల్బు వేసి ఉంచేదాన్ని. ఒక పక్కే గుడ్డ కప్పేదాన్ని." తర్వాత పిట్టను పేరుపెట్టి పిలిచింది. మేం పిలిచే పేరు కాదు. పొద్దుటి నుంచి మూలన నక్కి ఉన్న పిట్ట కుచ్చు లేపింది. ఊచలు పట్టుకుని పైకి పాకి, ఆమె వేలెక్కి, మెడ ఒంచి గోకించుకుంది. నేను పక్కనే ఉన్నాను. నా వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. భార్య సరే, నువ్వు కూడానా అనిపించింది నాకు, ఒక పిట్ట మీద.

"మెసేజ్ చాలా రోజుల కిందటే పెట్టించానమ్మా. మీదాకా రాలేదా?" అని ఆవిడ అడిగింది.

"నిన్ననే సూసినం అమ్మా. సూసినంక ఆగలే" అంది నా భార్య. నా వైపు చూడకుండానే అంది.

పిట్టను ఎక్కించిన ఆవిడ పంజరం మోసుకుని నేనే కిందికి దిగాను. ఆటో ఎక్కి ఆవిడ పంజరాన్ని ఒళ్లో పెట్టుకుంది. "మీ ఇద్దరికీ రుణపడిపోయాను బాబూ. ఇంకోళ్లయితే ఉంచేసుకునేవాళ్లు" అంది. ఆ మాట నేను మోయలేకపోయాను.

"మేడం, నాకు మొదట్లనే తెలుసు. ఫోటో సూసిన. మీదేనని తెలిసే ఉంచుకున్న."

ఆవిడ పంజరాన్ని దగ్గరికి లాక్కుంది. "మరి మీ ఆవిడ నిన్ననే చూశామంది?"

"నన్ను కాపాడనీకె అన్నది మేడం."

"ఇద్దరూ ఒకటేనన్నమాట" అంది. "రోజూ సాయంత్రం మా మేడ మీద నిలబడి గిన్నె మోగించానండి, ఆ చప్పుడుకి వస్తుందేమోనని. పిచ్చిముండ అని నవ్వుకున్నారు అందరూ. మీ దగ్గరుందని మీకు తెలుసు!" ఆటో అతనితో "పోనీ నాయనా" అంది.

మెట్లెక్కుతుంటే నిజంగా బరువు దిగినట్టే ఉంది. నిజం ఒప్పుకున్నానని, ఆ మంచిపనికి ఇంట్లో మాఫీ దొరుకుతుందని అనుకున్నాను. జరిగింది చెప్పాను. నా భార్య నల్ల పరదాను మడతపెడుతోంది. చేతులు ఆగిపోయాయి.

"మంచిగ చేసినవ్. నువ్వు సత్యమంతుడివైనవ్, నన్ను అబద్ధాలదాన్ని చేసినవ్. నీకోసం ఆడిన అబద్ధం పోయి ఆమెకే అప్పజెప్పినవ్."

"నేను నిజమే గద చెప్పిన..."

"నీది నువ్వు చెప్పుకో. నాది నీకెందుకు?"

ఆ వారమంతా మా మధ్య అవసరానికి మించిన మాట లేదు. నేను మాత్రం లోపల లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. ముందు మోసం చేసింది నేనే, నిజమే. కానీ నాకు చెప్పకుండా ఆవిణ్ణి పిలిపించింది కదా అని ఒక మూల పట్టు వదల్లేదు.

ఆదివారం నా భార్య వాళ్ల ఊరి నుంచి పిట్టకని తెప్పించిన కొర్రకంకులు సంచిలో వేసుకుని ఎల్‌బీ నగర్‌లో ఆ పెద్దావిడ ఇంటికి బయల్దేరింది. నేనూ వస్తానంటే వద్దనలేదు, రమ్మనలేదు. మెట్రో దిగాక మాత్రం "నువ్వు ఈడనే ఉండు" అంది. చౌరస్తాలో, విజయవాడ బస్సుల కోసం సామాన్లతో నిలబడ్డ జనం మధ్య ఉండిపోయాను. కండక్టర్లు సూర్యాపేట, కోదాడ అని అరుస్తున్నారు. చాలాసేపటికి ఆమె ఖాళీ సంచితో వచ్చింది.

"తలుపు తీసిందా?"

"తీసింది. కూసోమనలే. కంకులైతే తీస్కున్నది."

"పిట్ట?"

"కొత్త ఈకలొస్తున్నయి."

ఖాళీ సంచి అందుకుంటూ అడిగాను. "ఏం చెప్పినవ్?"

"తప్పయిందని చెప్పిన. మొదటిసంది నాకు గూడ తెలుసని చెప్పిన."

"నీకెట్ల తెలుసు? నేను ఫోన్ చేసిన్నని నీకు చెప్పిన గదా. నువ్వెందుకు మీదేసుకున్నవ్?"

ఆమె నా వైపు తిరిగి చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేదనిపించింది.

"నమ్మిననుకున్నవా?" అంది. "ఇయ్యాల చేస్తడు, రేపు చేస్తడు అని సూసిన. నీ అంతల నువ్వే చేస్తవనుకున్న."

ఇన్నాళ్లూ వంటింట్లో నా పక్కనే నిలబడి, నేను అబద్ధమాడానని తెలిసి, నా కోసం ఎదురుచూసిందన్నమాట. ఆమె స్టేషన్ మెట్లవైపు నడిచింది. తిరుగు ప్రయాణం టికెట్లు రెండూ నా జేబులోనే ఉన్నాయి. అందుకని గేటు దగ్గర ఆగింది.