ఆమె తూచిన పిల్లలు

మొన్న మంగళవారం పొద్దున మా నర్సమ్మ పోయింది. బీపీ ఎక్కువై మెదడులో నరం చిట్లిందట. మేడ్చల్‌లో ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందట. పరిశోధన రోజుల నుంచి మిగిలిపోయిన ఒక వాట్సాప్ గ్రూపులో నాకీ కబురు తెలిసింది. దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా పడుతున్నాయి. వాటి మధ్య ఆమె పాత పై అధికారి రాసిన మాట: "అంకితభావానికి మారుపేరు." చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. ఆ అంకితభావానికే ఆయన ఆమెకు రెండుసార్లు మెమో ఇచ్చాడు. ఆ సంగతి గ్రూపులో ఎవరూ రాయలేదు. నేనూ రాయలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆమె శామీర్‌పేట అవతల ఒక ఊళ్లో సర్కారు దవాఖానలో కాన్పుల నర్సు. ఏడేళ్ల కిందట నేను ఆ దగ్గర్లోనే ఒక ప్రయోగశాలలో పీహెచ్‌డీ చేస్తుండేదాన్ని. కొందరు పిల్లలు కడుపులో ఎందుకు సరిగా ఎదగరన్నది మా ప్రశ్న. పప్పులో, పల్లీల్లో, గుడ్డులో దొరికే అర్జినిన్ అనే అమైనో ఆమ్లం తల్లికి తక్కువైతే, కడుపులో బిడ్డకు తిండి అందించే మాయకు రక్తం చాలక బిడ్డ చిన్నగా పుడుతుందా అని చూస్తున్నాం. కాన్పు కాగానే బొడ్డుతాడు నుంచి కాస్త రక్తం తీసి పరీక్షించాలి, దాన్ని బిడ్డ బరువుతో పోల్చాలి. నాలుగు దవాఖానల నుంచి మాకు రక్తం వచ్చేది. ఆ రక్తం చెడిపోకుండా తేవడానికే నేను తల బద్దలు కొట్టుకున్నాను. బరువుదేముంది, కాంటా చెబుతుంది కదా అనుకున్నాను.

మొదటిరోజు ఒక గర్భిణికి అంగీకార పత్రం చదివి వినిపిస్తుంటే, నర్సమ్మ నా చేతిలోంచి కాగితం లాక్కుంది. "నీ మాటలు నాకే సమజైతలెవ్వు, ఆమెకేం సమజైతయి?" అని ఆ అమ్మాయి పక్కన మంచం మీద కూర్చుంది.

"సూడు బిడ్డా, పొలానికి కాలువ ఉంటది గదా. కాలువ సన్నగైతే నీళ్లు తక్కువ పోతయి. నీ కడుపుల బిడ్డకు గూడ గసొంటి కాలువనే ఉంటది. గా కాలువను ఎడల్పు జేసే సరుకు నీ రక్తంల ఎంతున్నదో సూస్తరట. దాంతోని నీకు ఇప్పుడైతే ఫాయిదా ఏం లేదు. ఎనక పుట్టేటోళ్లకు ఉంటదేమో."

మా కాగితంలో "సమాజానికి మేలు జరుగుతుంది" అని రాసి ఉంది. "ఉంటదేమో" అన్న నిజాయతీ మాలో ఎవరికీ లేకపోయింది.

పొద్దున డ్యూటీ ఎక్కగానే ఆమె అల్మరాలోంచి విప్పని కిలో ఉప్పు ప్యాకెట్ తీసి పిల్లల కాంటా మీద పెట్టేది. రోజూ చూపించే అంకే చూపించాలి. కాస్త తేడా వచ్చిందా, బ్యాటరీలు మార్చేది, దవాఖాన అంతా వినబడేలా తిట్టేది. నాచేత కూడా ఎన్నోసార్లు ఆ ప్యాకెట్ పెట్టించింది. పుట్టిన బిడ్డ మీది గుడ్డ తీసి తూచి, వెంటనే కప్పి, ఆ చిన్న చెవి దగ్గర నోరు పెట్టి, "రెండు కిలోల రెండొందల నలభై. ఫస్టు నీకే జెప్తున్న" అనేది. ఒక అత్తగారు, "సన్నగుంటే మంచిదే, కాన్పు అల్కగైంది" అని సంబరపడితే, "నీకు అల్కనే అవ్వా, ఇగ బత్కుడు కష్టం దీనికి గదా" అంది.

రెండున్నర కిలోల కంటే తక్కువుంటే తక్కువ బరువు బిడ్డ కింద లెక్క. అలాంటివాళ్లు ఎక్కువైతే పైనుంచి సంజాయిషీ అడుగుతారు. అందుకని మిగతా మూడు దవాఖానల్లో ఒక అలవాటు పాతుకుపోయింది. కాంటా రెండు కిలోల మూడొందలు చూపినా, నాలుగొందలు చూపినా రిజిస్టర్‌లో ఎక్కేది రెండున్నరే. పిల్లలందరూ కడుపులోనే కూడబలుక్కుని వచ్చినట్టు సరిగ్గా రెండున్నర కిలోలతో పుట్టేవారు. నర్సమ్మ రిజిస్టర్‌లో మాత్రం కాంటా చూపిందే ఉండేది.

ఒకరోజు పై అధికారి వచ్చి నా ఎదుటే అడిగాడు. "అన్ని దవాఖానలల్ల మంచిగనే పుడుతున్నరు గదమ్మా. నీ దగ్గరనే ఏంది గిట్ల?"

"పుట్టేది నా దగ్గర గాదు సార్, ఆళ్ల తల్లుల కడుపుల. నేను తూస్తున్న, అంతే."

"జర అటిటు జూసి రాయాలె."

"అటిటు సూస్తే ఏమొస్తది సార్, కాంట దిక్కు సూడాలె."

ఆ వారమే మొదటి మెమో వచ్చింది. విధుల్లో నిర్లక్ష్యమట. ఆమె దాన్ని మడిచి రిజిస్టర్‌లో పెట్టుకుని, నాతో అంది: "తక్కువ రాస్తే ఆశ కార్యకర్త ఇంటికివోయి పిల్లను సూస్తది. రెండున్నర రాస్తే ఎవ్వలు వోరు. నా పెన్నుతోని దానికి మాంసం వెడ్తనా నేను?"

ఇక మా ఘనకార్యం చెబుతాను. లెక్కలన్నీ వచ్చాక మా గైడ్ సారు గ్రాఫ్ గీయించాడు. మూడు దవాఖానలు ఒక తీరున ఉన్నాయి, నర్సమ్మది ఒక్కటీ వేరుగా ఉంది. "ఆమె కాంటా పాడై ఉంటుంది, ఆ దవాఖాన తీసేయండి" అన్నాడు. ఆ కాంటా ఎంత సరైనదో ఆ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నా ఫెలోషిప్ ఆ నెలతో అయిపోతోంది. నోరు మూసుకున్నాను. నిజంగా తూచిన పిల్లలను పారేసి, ఊహించి రాసిన పిల్లలను ఉంచుకున్నాం. ఈ చుట్టుపక్కల అర్జినిన్‌కూ బిడ్డ ఎదుగుదలకూ సంబంధం కనిపించలేదని వ్యాసం అచ్చేశాం. ఆ పిల్లలను కలిపితే ఏం తేలేదో నాకు తెలియదు. తెలుసుకునే దారి మేమే మూసేశాం. నాకు డాక్టరేట్ వచ్చింది.

కొన్నాళ్లకు ఆమె బస్సెక్కి ప్రయోగశాలకు వచ్చింది. గేటు దగ్గర కూర్చోబెట్టారు. నేను వెళ్లేసరికి, మేము దవాఖానలకు పంపిన నివేదిక చేతిలో పట్టుకుని ఉంది.

"మా దవాఖాన పేరు లేదేంది బిడ్డా?"

"సాంకేతిక కారణాలమ్మా."

"నా కాంట ఖరాబైందని మా సారుకు రాసిన్రట గదా. గది జూసి మల్ల మెమో ఇచ్చిండు." నివేదిక మడిచి సంచిలో పెట్టుకుంది. "ఉప్పు ప్యాకెట్ నువ్వే వెట్టి సూసినవ్ గదా."

నేను తల దించుకున్నాను. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నా మెమో నాకు కొత్త గాదు. రక్తమిచ్చిన తల్లులకు నేనేం జెప్పాలె?" అని అడిగి, బస్సు టైమైందని వెళ్లిపోయింది. ఆ తరవాత ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తేది, "తిన్నవా" అని అడిగేది. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, సిగ్గులేనిదాన్ని.

ఆమె పోయిన మూడోరోజు మా గైడ్ సారు దగ్గరికి వెళ్లాను. వ్యాసం సరిదిద్దాలని అడిగాను. "ఇప్పుడెందుకమ్మా? ఆ కాంటా సరైనదని ఎవరు చెబుతారు, ఆమె కూడా లేదు" అన్నాడు. నేను చెబుతానన్నాను. నా డాక్టరేట్ మీదికి వస్తుందని మెత్తగా గుర్తు చేశాడు. రానివ్వమన్నాను. ఆ సాయంత్రమే మా వ్యాసం అచ్చేసిన పత్రికవాళ్లకు జరిగింది జరిగినట్టు నా పేరుతో రాసి పంపాను. జవాబు ఇంకా రాలేదు.

నిన్న ఆమె ఊరికి వెళ్లాను, రక్తమిచ్చిన తల్లులకు చెప్పడానికి. మొదటి ఇల్లు చెరువులో చేపలు పట్టే వాళ్లది. ఆ ఇంటి పిల్ల కిలో తొమ్మిది వందల పది గ్రాములతో పుట్టింది. తల్లి వాకిట్లో వల చిక్కు తీస్తోంది. అంతా విన్నాక చెయ్యి ఆపింది.

"అంటే నా బిడ్డ పుట్టనట్టే రాసిన్రా?"

"అట్ల కాదమ్మా. లెక్కలోకి తీసుకోలేదు."

"గదే గదా."

లోపలికి కేకేసింది. ఒకటో తరగతి చదువుతున్న పిల్ల వచ్చింది. తల్లి దాని భుజాలు పట్టుకుని నా ముందు నిలబెట్టి, "గీ పిల్లనే మేడమ్. మంచిగ సూస్కో, మల్ల తీసెయ్యకుండ్రి" అంది. బడి చొక్కా దాని ఒంటి మీద వదులుగా వేలాడుతోంది. నేను చూడటం ఎప్పుడు అయిపోతుందా అన్నట్టు, ఆ పిల్ల కదలకుండా నిలబడి నా ముఖంలోకే చూస్తోంది.