నాన్న దురద

మా నాన్న పెబ్బేరు పశువుల సంతలో దళారి. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి, తువ్వాలు కింద కొనేవాడి చెయ్యి పట్టుకుని, నోరు మెదపకుండా వేళ్లతోనే ధర చెబుతాడు.

ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ అని తేలినప్పుడు అందరం ఏడ్చాం. పరీక్షలన్నీ చూశాక, ఆయనకు ఇమ్యునోథెరపీ పనికొస్తుందని హైదరాబాద్ డాక్టరమ్మ చెప్పింది. ఆ మందు తానుగా క్యాన్సర్‌ను చంపదట. ఒంట్లోని రక్షణ కణాలకు పడ్డ కట్లు విప్పుతుందట. విప్పాక అవి ఒక్కోసారి మన ఒంటి మీదే పడతాయి కాబట్టి ఏ తేడా వచ్చినా ఫోన్ చేయమంది.

"ఎద్దును ఇడిస్తే పక్కోళ్ల చేన్ల గూడ పడ్తది. గంతే గద" అన్నాడు నాన్న.

కొన్ని విడతలయ్యాక దురద మొదలైంది. వీపు నిండా, చేతుల నిండా ఎర్రటి దద్దుర్లు. నేను వనపర్తి నుంచి చూడబోతే గుంజకు వీపు రుద్దుకుంటూ కనిపించాడు. చెమటపొక్కులని బుకాయించాడు. అప్పుడు చలికాలం. డాక్టరమ్మకు చెబితే మందు ఆపేస్తుందని ఆయన భయం.

ఆ వారం సంతకు నేనూ వెంట వెళ్లాను. అమరచింత రైతు ఒకాయన ఎడ్ల జతకు బేరానికొచ్చాడు. తువ్వాలు కింద చేతులు కలిశాయో లేదో, నాన్నకు మణికట్టు దగ్గర దురద పుట్టింది. చెయ్యి వదలకుండానే రెండో చేత్తో గోక్కోవడం మొదలుపెట్టాడు. తువ్వాలు కింద వేళ్లు కదిలినప్పుడల్లా ధర పెరుగుతోందనుకున్న రైతు ముఖం పాలిపోయింది.

"ఏందన్నా, ఎడ్లనే అమ్ముతున్నవా, ట్రాక్టర్ గిట్ల అమ్ముతున్నవా?"

నాన్న ఇక తట్టుకోలేక తువ్వాలు వదిలేసి, ఆ జతలోని ఒక ఎద్దు డొక్కకు వీపు ఆనించి కళ్లు మూసుకుని రుద్దుకోసాగాడు. ఎద్దు నెమరు వేస్తూ కదలకుండా నిలబడింది. ఇంత సాధువైన ఎద్దును ఎక్కడా చూడలేదని మురిసిపోయిన రైతు, బేరం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి జతను కొనేశాడు.

నేను అక్కడి నుంచే డాక్టరమ్మకు ఫోన్ చేశాను. మర్నాడే రమ్మంది. దగ్గు, ఆయాసం, విరేచనాలు ఉన్నాయా అని అడిగి, పూతమందూ మాత్రలూ రాసి, ఒక విడత మందు వాయిదా వేసింది. ఇదే తేడా పేగులకో ఊపిరితిత్తులకో వస్తే ప్రాణం మీదికొస్తుందని, దాచొద్దని గట్టిగా చెప్పింది. తర్వాత ఆ రోజే తీయించిన స్కాన్ చూపించింది. గడ్డ సగానికి పైగా కరిగింది. ఇలా దద్దుర్లు వచ్చిన కొందరిలో మందు బాగా పనిచేస్తుందనీ, అయితే అదేమీ నియమం కాదనీ అంది. నాన్న మొదటి సగమే విన్నాడు.

దద్దుర్లు తగ్గాయి, మందు మళ్లీ మొదలైంది. వారం తిరక్కుండా అమ్మ ఫోన్ చేసింది. "మీ నాయిన దురద వస్తలేదని దిగులు పెట్టుకున్నడు. జర నువ్వన్న చెప్పు బిడ్డా."

నేను చెప్పాను. డాక్టరమ్మ చేత కూడా చెప్పించాను. దురద లేకుండానే తర్వాతి స్కాన్‌లో గడ్డ ఇంకా చిన్నదైంది. అయినా ఆయనకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. ఇప్పటికీ దోమ కుడితే సంతోషపడతాడు.