ఎస్తేరు వంతు

మొన్న మా అమ్మాయికి షటిల్ బ్యాట్ కొందామని గుంటూరులో ఒక ఆటసామాన్ల కొట్టుకు వెళితే, కొట్టతను పై అరలోంచి ఏదో తీయబోయి ఒక తోలు గ్లోవు కింద పడేశాడు. వంగి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కొత్త తోలు వాసన, దాంతోపాటు కాస్త జిగురు వాసన. పక్కనున్నవాళ్లు ఏమనుకున్నారో గానీ, నేను మాత్రం చిలకలూరిపేట అవతల మా ఊరి హైస్కూలు గ్రౌండులో, కాళ్లు చుర్రుమంటుంటే నిలబడి ఉన్నాను.

మా ఊళ్లో మగపిల్లలకు క్రికెట్ ఉండేది, ఆడపిల్లలకు తొక్కుడుబిళ్ల ఉండేది. అలాంటి ఊరికి ఒక పీఈటీ మాస్టారు బదిలీ మీద వచ్చి, గోతాంలో బ్యాట్లూ గ్లోవులూ మోసుకొచ్చి, ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పిస్తానన్నారు. బేస్‌బాల్‌కు చెల్లెలు లాంటి ఆట అది. ఒకరు చెయ్యి కింద నుంచి గిర్రున తిప్పి బంతి విసురుతారు, అవతలి జట్టు పిల్ల గుండ్రటి బ్యాటుతో కొట్టి మూలమూలకీ పరిగెత్తి తిరిగొస్తుంది. పెళ్లి కావలసిన పిల్లలకు ఈ కర్రసాము ఏమిటని మా అమ్మ వారం పాటు సణిగింది గానీ, మాస్టారు ఇంటింటికీ వచ్చి మజ్జిగ తాగి మరీ ఒప్పించారు.

పోటీల్లో రోజు తర్వాత రోజు మ్యాచ్ ఉంటుందనీ, ఒకే పిల్ల రోజూ విసిరితే భుజం పాడవుతుందనీ ఆయన మాకు వంతులు పెట్టారు. మొదటి వంతు ఎస్తేరుది, రెండోది షంషాద్‌ది, మూడోది నాది. నేను మూడో వంతుకైనా ఎలా వచ్చానంటే, విసరడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు, అంతే. ఎస్తేరు సంగతి వేరు. బక్కపలచటి పిల్ల. బంతి ఆమె చేతిలోంచి ఎప్పుడు వెళ్లిందో తెలిసేది కాదు, బ్యాటు వెనక కాచే పిల్ల గ్లోవులో పడ్డ చప్పుడు మాత్రం వినిపించేది. ఊరవతల చర్చి పక్క పేటలో వాళ్ల ఇల్లు. వాళ్లమ్మ మా చేలో కూలికి వచ్చేది.

ఎండాకాలం వస్తే మా గ్రౌండులో సగం మిరప కల్లమే. స్కూలుకు సెలవులివ్వగానే ఊళ్లోవాళ్లు కాయలు తెచ్చి ఆరబోసేవాళ్లు. ఎర్రటి కాయలు ఒక పక్క, మా ఆట ఒక పక్క. బంతి వెళ్లి కల్లంలో పడితే మా నాన్న తిట్టేవాడు, తెచ్చుకున్న బంతి పట్టుకుంటే వేళ్లు మండేవి, తుమ్ములు సరేసరి. మధ్యాహ్నం ఆట ఆపి తాటిముంజలు తినేవాళ్లం. లేత ముంజలో నీళ్లు చొక్కాల మీద చిమ్ముకుంటే అదొక సంబరం. ఈస్టరు వెళ్లిన మర్నాడు ఎస్తేరు కేకు ముక్క కాగితంలో చుట్టి తెచ్చి, ఎండుద్రాక్షలన్నీ షంషాద్ ఏరుకుని తినేస్తుంటే నవ్వుతూ చూసేది.

ఆ ఎండాకాలంలోనే, కొత్త సీజనుకు ముందు, మా ముగ్గురినీ చూడటానికి జిల్లా నుంచి కోచ్ వస్తున్నారని మాస్టారు చెప్పారు. ఆయనకు నచ్చితే ఎస్తేరుకు స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. అక్కడే తిండి, అక్కడే చదువు. సీటు వస్తే పంపిస్తాననీ, రాకపోతే జూన్ నుంచి తనతోపాటు పనికి తీసుకెళ్తాననీ వాళ్లమ్మ ముందే తేల్చి చెప్పేసింది. ఆవిడను తప్పుపట్టే పరిస్థితిలో ఎవరూ లేరు.

కోచ్ వచ్చారు. షంషాద్ విసిరింది, నేను విసిరాను, ఆయన మొహంలో ఏమీ కనపడలేదు. ఎస్తేరు బంతి చేతిలోకి తీసుకుందో లేదో, పడమట నల్లగా మబ్బు లేచింది. మిరపకల్లం మీద వాన పడితే కాయ తెల్లబడి ఎందుకూ పనికిరాదు. ఆ సమయంలో మా ఊళ్లో ఆట, పెళ్లి, ప్రార్థన ఏదైనా సరే ఆగిపోతుంది, ఎవరి కల్లమని అడగరు, ఉన్నవాళ్లంతా పరిగెత్తడమే. మాస్టారే ముందు పరిగెత్తారు. నేనూ షంషాద్ టార్పాలిన్ పట్టాల కొసలు పట్టుకున్నాం. ఎస్తేరు, కల్లంలో పనికి వచ్చిన వాళ్లమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో మా కాయలు రాశి పోసింది. కోచ్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గుతూ నిలబడ్డారు.

పట్టాలు కప్పాం. మబ్బు తేలిపోయింది. చినుకు రాలలేదు.

ఎస్తేరు చేతులు మణికట్టు దాకా ఎర్రబడ్డాయి. ఆ పేట పిల్లల్ని మా అరుగు కూడా ఎక్కనివ్వని మా నాయనమ్మ, ఆ రోజు ఏమనిపించిందో, తన ఆముదం సీసా పట్టుకుని కల్లంలోకి వచ్చింది.

“ఇటు రావే పిల్లా, మంట తగ్గుద్ది,” అని ఎస్తేరు చేతులు తన ఒళ్లో పెట్టుకుని, వేలు వేలుకీ తాపీగా రాసింది. వద్దనాలని మాలో ఎవరికీ తోచలేదు. మిరప మంటకు మా ఊళ్లో అదే మందు.

ఆముదం అంత తేలిగ్గా వదిలేది కాదు. మట్టితో రుద్దుకుంది, పావడాకు తుడుచుకుంది, నేను బూడిద తెచ్చిచ్చాను. బస్సు టైమైందంటున్నారు కోచ్. ఎస్తేరు చెయ్యి తిప్పింది, బంతి జారి స్కూలు కప్పు మీదికి పోయింది. ఇంకోటి కాళ్ల దగ్గరే పడింది.

“చేతికి ఆముదం ఉంది సార్. రేపు ఒక్కసారి చూడండి సార్,” అన్నారు మాస్టారు.

కోచ్ మంచివారే. పిల్లలో విద్య ఉందని మెచ్చుకుని, వచ్చే ఏడు తప్పకుండా చూద్దామని చెప్పి బస్సెక్కారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

జూన్‌లో బడి తెరిచాక మాస్టారు వంతులు మార్చారు. షంషాద్ మొదటికి, నేను రెండుకి వచ్చాం. మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయి ఇంటికొచ్చేశాం. తర్వాత ఆయనకు బదిలీ అయింది, గ్లోవులు స్టాఫు రూములో ఎలుకలు కొట్టేశాయి.

ఇప్పుడు ఆ గ్రౌండు చుట్టూ ప్రహరీ ఉంది. కాయలు లోపలికి రానివ్వరు, ఆడుకునే పిల్లలూ లేరు. నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఎస్తేరు ఇప్పుడు కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. కిందటి నెల ఊరికి వెళ్లినప్పుడు పనిగట్టుకుని వెళ్లి పక్కన కూర్చున్నాను. పిల్లల చదువులు, షంషాద్‌కు అప్పుడే మనవరాలు పుట్టడం, ఏవేవో మాట్లాడుకున్నాక, ఆ రోజు గుర్తుందా అని అడిగాను. చేతిలో పని ఆపలేదు.

“ఆ రోజు వానన్నా పడాల్సింది పద్మా,” అంది.