మా ఇంటి మగవాళ్ళు చూడకూడని రాయి

హోసూరు చుట్టుపక్కల ఏ చేను గట్టున ఏ వీరగల్లు ఉందో నన్నడిగితే కళ్ళు మూసుకుని చెప్తాను. పోట్లాటలోనో, ఆవుల మందను కాపాడబోయో ప్రాణం వదిలినవాడి బొమ్మ చెక్కి నిలబెట్టిన రాయిని ఇక్కడ వీరగల్లంటారు. ఆదివారం వచ్చిందంటే బండెక్కి ఆ రాళ్ళ వెంట పడటం ఇరవై ఏళ్ళుగా నాకు అలవాటు. వాటి మీది పాత కన్నడ అక్షరాలు చదవడానికి రిటైరైన ఒక కన్నడ పంతులు గారి చుట్టూ రెండేళ్ళు తిరిగాను. మా ఊరు కెలవరపల్లి డ్యాముకు కాస్త అవతల. అక్కడ నన్ను గులాబీలు పండించేవాడిగా కంటే రాళ్ళ పిచ్చోడిగానే ఎక్కువమంది ఎరుగుదురు. ఆ పేరంటే నాకు కోపం లేదు. నిజం చెప్పాలంటే గర్వమే.

మూడేళ్ళ కిందట నన్ను వెతుక్కుంటూ ఒకాయన వచ్చాడు. ముప్ఫై దాటిన ఇంజనీరు. కోస్తా నుంచి వచ్చి, మూకండపల్లిలో గది తీసుకుని, ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. "తమిళనాడులో ఉండి కూడా మీరు తెలుగు భలే మాట్లాడతారండీ" అన్నాడు రాగానే. మేమేదో నిన్న మొన్న నేర్చుకున్నట్టు! అయినా నాలాంటి పిచ్చి ఉన్న మనిషి దొరికాడు కదా అని సంబరపడ్డాను. నా నోటుపుస్తకాలన్నీ ముందు పరిచాను. వెనక కూర్చోబెట్టుకుని ఊరూరా తిప్పాను.

ఏడాది తిరక్కుండానే ఆయన నాకు తెలియని రాళ్ళు రెండు కనిపెట్టాడు. ఒకటి నేను వందసార్లు పోయిన దారిలోనే, పశువుల కొట్టం వెనక. రాళ్ళ మీద ఆసక్తి ఉన్నవాళ్ళందరం కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఆయన ఫోటో పెడితే పొగడ్తలే పొగడ్తలు. నేను పెడితే "బాగుంది సార్" అని ఇద్దరు ముగ్గురు. నాకు కడుపు మండింది. ఎవరికీ కనపడకుండా మండించుకోవడం తెలియదు కాబట్టి, "ఫోటో వంకరగా ఉంది" అని కింద రాశాను.

ఆయన ఊళ్ళోకి పోతే ముందు రాయి దగ్గరికి పోడు. ఏ ఇంటి అరుగు మీదో కూర్చుని ముసలమ్మలతో కబుర్లు పెట్టుకుంటాడు. అదంతా కాలక్షేపం అనుకునేవాణ్ణి.

పోయిన చలికాలం ఒక ఆదివారం నేను పూల మార్కెట్లో ఇరుక్కుపోయి ఆలస్యంగా ఇంటికొచ్చాను. ఇంజనీరు మా నట్టింట్లో మా అమ్మ ఎదురుగా కూర్చుని అనపగింజలు పితుకుతున్నాడు. అమ్మ నవ్వుతోంది. నాతో మాట్లాడేటప్పుడు అమ్మ అంతగా నవ్వి ఎన్నాళ్ళయిందో. నన్ను చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"మామ్మగారు మీ చేలో ఉన్న మాస్తికల్లు చూపించారండీ" అన్నాడు.

మాస్తికల్లంటే మొగుడి చితిలో కాలిపోయిన ఆడమనిషి గుర్తుగా నిలబెట్టే రాయి. అటువంటివి జిల్లాలో ఎన్ని చూశానో. మా చేలో ఒకటుందని మాత్రం నాకు తెలియదు.

తెలియకపోవడానికి కారణముంది. మా రాగి చేను ఈశాన్యం మూల తంగేడు పొదల్లో ఒక చిన్న గోడ కట్టి ఉంటుంది. కోతలయ్యాక మా ఇంటి ఆడవాళ్ళు పసుపు, గాజులు తీసుకుని అక్కడికి పోతారు. ఇంటి మగవాళ్ళు పోకూడదు, చూడనూ కూడదు. దున్నేటప్పుడు మా నాన్న ఆ మూలకొచ్చేసరికి ముఖం తిప్పుకునేవాడు. నేనూ అంతే. ఆడవాళ్ళు కొలిచే అక్కగార్ల గుడి అనుకున్నాను. ఇంటి మగవాడు కాడు కాబట్టి ఇంజనీరుకు ఆ అడ్డు లేదు.

ఆయన పోయాక అమ్మ మీద విరుచుకుపడ్డాను. "యాడి నుంచో వచ్చినోనికి చూపిస్తివే, కన్నకొడుక్కి చెప్పాలని తోచలేదా?"

అమ్మ గింజలు పితకడం ఆపలేదు. "ఆ యప్ప అడిగినాడు, చెప్పినాను. రాళ్ళ కోసరం ఊరూరూ తిరిగితివి గదా, ఇంట్లో ఉండే నన్ను ఒక్క దినమన్నా అడిగితివా?"

"మగోళ్ళు చూడకూడదంటిరి గదా!"

"చూడకూడదంటిమి. అడగకూడదని ఎవురన్నారు?"

అప్పుడు చెప్పింది అమ్మ. మొగుడు చచ్చిపోయినాక ఆ యమ్మ చితి ఎక్కనని ఏడ్చిందట. చేతిలో పసిబిడ్డ. ఇద్దరు మరుదులూ బిడ్డను లాక్కుని, రెక్కలు పట్టి తోశారట. "మీ ఇంటి మగోళ్ళ మొగం నాకు ఇంకెప్పుడూ చూపించొద్దండి" అని అరుస్తూ పోయిందట. "ఆ బిడ్డ వంశమే మనది" అంది అమ్మ.

ఇంత కథ మా ఇంట్లో ఉండగా నేను పరాయి ఊళ్ళ పొదల్లో ముళ్ళు గుచ్చుకుంటున్నా తిరిగాను. నా భార్య కేసి తిరిగి, "నీకు తెలుసునా?" అన్నాను. "పెండ్లయిన ఏడే అత్తమ్మ చెప్పింది" అని ఆమె లోపలికి పోయింది. నేను ఏ ఊళ్ళో ఏ రాయి చూసొచ్చినా కూర్చోబెట్టి వినిపించింది ఈమెకే. అమ్మ మీద, భార్య మీద, అనపగింజలు పితికి కథ పట్టుకుపోయిన ఆ మనిషి మీద, అందరి మీదా అసూయే. ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు.

మరుసటి వారం ఇంజనీరు మళ్ళీ వచ్చాడు. రాయి కింద మూడు వరుసల రాత ఉందట, పసుపు పేరుకుపోయి ఫోటోలో తెలియడం లేదట, తెలిసినా ఆయనకు పాత కన్నడం రాదు. "మీరే చదవాలండీ" అన్నాడు. లోపల ఎంత సంతోషపడ్డానో! పైకి మాత్రం, "మా ఇంటి మగోళ్ళు పోకూడదే" అని బిగుసుకున్నాను.

అమ్మే అంది. "పో నాయనా. ఇన్ని తరాలుగా పసుపు పూస్తా ఉండాము, ఆ యమ్మ పేరేమో మాకు తెలీదు. అడిగితే అత్తలకూ తెలీదు. రాతలో ఉంటే చదివి చెప్పు. దానికోసరం పోతే ఆ యమ్మ ఏమనుకోదు."

పోయాం. అమ్మా, నా భార్యా గోడ బయట నిలబడ్డారు. నేను నీళ్ళు పోసి పసుపు కడిగి, అక్షరాలు తేలడానికి తెల్లపిండి రుద్దాను. రాతి మీద పైకెత్తిన చెయ్యి, చేతినిండా గాజులు. కింద మూడు వరుసలు. మొదటి దాంట్లో మొగుడి పేరు, అతని తండ్రి పేరు. రెండో దాంట్లో రాయి నిలబెట్టించిన తమ్ముళ్ళ పేర్లు. మూడో దాంట్లో చెక్కినవాడి పేరు. అంతే.

"పేరేమప్పా?" అంది అమ్మ గోడ అవతల నుంచి.

"లేదమ్మా."

"సరిగా చూడప్పా."

మళ్ళీ నీళ్ళు పోశాను, మళ్ళీ పిండి రుద్దాను. పక్కలూ, వెనకా తడిమాను. లేదు.

"తోసినోళ్ళవి ఉండాయా?"

"ఉండాయి."

"ఇద్దరివీనా?"

"ఇద్దరివీ."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, కోడలి చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టింది.

ఇంజనీరు అక్కడే గట్టు మీద కూర్చుని ఫోనులో అంతా రాశాడు. అమ్మ చెప్పిన కథ, నేను చదివిన మూడు వరుసలు, ఆడవాళ్ళ ఆచారం, ఒక్క తప్పు లేదు. చివర, కనుగొన్నవారు అన్నచోట మా ఇద్దరి పేర్లూ పెట్టాడు. ఆయనది ముందు, నాది తర్వాత. "చేను మాది, చదివింది నేను" అన్నాను. "అయ్యో, దానిదేముందండీ" అని నా పేరు ముందుకు మార్చి గ్రూపులో పెట్టేశాడు. నాకు కడుపు చల్లబడింది.

మర్నాడు పొద్దున అమ్మ కాఫీ తెచ్చి పక్కన కూర్చుంది. "ఆ యమ్మ గురించి ఏం రాసినారో చదివి వినిపించప్పా" అంది. ఫోను తీసి గట్టిగా చదివాను. అమ్మ తల ఊపుతూ వింది. తన మాటలు వచ్చినచోటల్లా, "ఆ, అట్లే చెప్పినాను" అంది. చదువుతూ చదువుతూ కింద మా పేర్ల దాకా వచ్చాను. అక్కడ రెండే పేర్లున్నాయి.

"ఇంకేముంది?" అంది అమ్మ.

"అంతేనమ్మా, అయిపోయింది" అని ఫోను జేబులో పెట్టుకున్నాను.